అప్ప కంటి లెన్సుకు తాళం వేసే ముందు

"ఈ లెన్సు పెట్టించుకునేవాళ్ళు కాస్త సణిగే రకమై ఉండాలమ్మా" అంది డాక్టరు.

"అయితే నాకు పెట్టండి" అన్నాను వెంటనే.

ఆవిడ నవ్వింది. నా పక్కన కూర్చున్న అప్ప కూడా నవ్వింది గానీ, అప్ప ఎవరు నవ్వినా నవ్వుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అప్ప అంటే మా తోడికోడలు, మా బావగారి భార్య. మా వైపు అక్కని అప్ప అంటాం. చోడవరంలో ఒకే ఇంటిని మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేసుకుని ఉంటున్నాం. గోడ కట్టింది మగవాళ్ళు, ఆ గోడకి తలుపు పెట్టించింది నేను. ఆ తలుపు కోసం నేను చేసిన గొడవ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను డిగ్రీ చదివాను. ప్రైవేటు స్కూళ్ళలో సోషల్ చెప్పాను. ముగ్గురు హెడ్మాస్టర్లతో దెబ్బలాడి మూడు స్కూళ్ళూ మానేశాను. అప్ప చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అన్నంలో రాయి తగిలితే చప్పుడు కాకుండా తీసి కంచం అంచు కింద దాచేస్తుంది, వండినవాళ్ళు నొచ్చుకుంటారని. అలాంటి మనిషికి సణగడం నేర్పమంటోంది ఈ డాక్టరు.

ఎందుకు సణగాలో ఆవిడ ఓపికగా చెప్పింది. శుక్లం తీసేసి పెట్టే మామూలు లెన్సుకి పవరు ముందే లెక్క కట్టేస్తారు. కన్ను మానేటప్పుడు లెన్సు వెంట్రుక వాసి ముందుకో వెనక్కో సర్దుకుంటే ఆ లెక్క కొంచెం తప్పుతుంది. అప్పుడిక కళ్ళద్దాలే గతి. ఈ కొత్త లెన్సు అలా కాదట. కన్ను మానాక ఒక రకం కాంతిని దాని మీద వేసి పవరు మారుస్తారు. మనిషి నాలుగు రోజులు ఆ చూపుతో బతికి, వచ్చి ఎలా ఉందో చెప్పాలి. చాలకపోతే ఇంకోసారి మారుస్తారు. సరిపోయిందన్నాక ఆఖరి కాంతి వేసి తాళం వేసేస్తారు. తర్వాత ఇంక మారదు.

"అర్థమైందా అమ్మా?" అని అప్పనే అడిగింది.

"జాకెట్టుకి ముందు కచ్చా కుట్టేసి, తొడిగి సూసుకున్నాక గట్టి కుట్టేస్తాం, అలాగన్నమాట" అంది అప్ప.

డాక్టరు కాగితం మీద రాయడం ఆపి అప్పని చూసింది. "సరిగ్గా అంతే. కాకపోతే ఎక్కడ బిగువో ఎక్కడ వదులో తొడుక్కున్న మనిషే చెప్పాలి. మీరు బాగుందంటే నేను బాగుందనే అనుకుంటాను."

ఈ హెచ్చరికకి కారణం ఉంది. అప్ప కుడి కంటికి కొన్నేళ్ల కిందటే ఏదో క్యాంపులో మామూలు లెన్సు పెట్టారు. ఆ రోజు విశాఖపట్నంలో ఈ డాక్టరు ఆ కన్ను పరీక్ష చేసి, "ఈ కంటితో మీకు దగ్గరవే కనబడుతున్నాయి, నాలుగడుగులు దాటితే అంతా మసకే. ఎప్పట్నించి ఇలా?" అంది.

"మొదట్నించీనమ్మా."

"మరి కట్టు విప్పిన రోజు చెప్పలేదా? కళ్ళద్దాలు రాసిచ్చేవాళ్ళు కదా."

"ఆళ్ళు అన్నం కూడా తినకుండా అంతమందికి సేసేరు. బాగోలేదని ఎలా సెప్తామమ్మా?"

నాకు తల కొట్టుకోవాలనిపించింది. కొన్నేళ్లుగా ఈ మనిషి పక్క వాటాలో మసకలో తిరుగుతోంది, నాకు తెలియదు. తెలియకపోవడానికి ఆవిడ సూదే కారణం. మా వీధి ఆడవాళ్ళందరి జాకెట్లకీ హుక్కులు, అంచు కుట్లు అప్పే వేస్తుంది. సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కించే మనిషికి కళ్ళు కనబడవని ఎవరనుకుంటారు?

అందుకే శుక్లం ముదిరిన ఎడమ కంటికి ఈ కొత్త లెన్సు కావాలని ఇంట్లో పట్టుబట్టాను. ఖర్చు గురించి బావగారితో జరిగిన యుద్ధం వేరే కథ, గెలిచింది నేనే అని మాత్రం చెప్తాను.

ఆపరేషను బాగానే జరిగింది. కష్టమంతా ఆ తర్వాతే. తాళం పడేదాకా లెన్సు పచ్చి మట్టి లాంటిది. ఎండలో ఉండే ఒక రకం కిరణాలు తగిలితే దానంతటదే మారిపోతుంది. అందుకని నిద్రలో తప్ప మిగతా వేళంతా వాళ్ళిచ్చిన అద్దాలు పెట్టుకునే ఉండాలి. ఇంట్లోకి ఒక జత, బయటికి నల్లవి ఒక జత.

నల్లద్దాలు పెట్టుకుని పెరట్లో గిన్నెలు తోముకుంటున్న అప్పని చూసి పాలామె అంది, "ఏటమ్మా, షూటింగా?"

"అవునే, నువ్వే సైడు యాక్టరు" అన్నాను నేను. అప్ప మాత్రం సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో వారంలో మా పెద్దమావయ్య దేవరాపల్లి నుంచి చూడ్డానికి వచ్చాడు. మా అత్తింటి వైపు మిగిలిన పెద్దతల ఆయనొక్కడే. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి ఏముంది, ఆయన అరుగు మీద కుర్చీలో, అప్ప ఎదురుగా మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, అద్దాలు తీసి చేత్తో పట్టుకుని, కళ్ళు చికిలించి, ఆయన చెరుకు కబుర్లకి తలూపుతోంది.

"అప్పా! అద్దాలేవి?"

"పెద్దోళ్ళ ముందర నల్లద్దాలు పెట్టుకుంటే ఏం మరియాదే..." అంది గొంతు తగ్గించి.

నేను కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, అద్దాలు లాక్కుని అప్ప ముక్కు మీద పెట్టి, లోపలికి నెట్టి, పెద్దమావయ్య వైపు తిరిగాను. "మావయ్యా, మీరు పెద్దోళ్ళే, కాదన్ను. మీ మీద మర్యాదకి ఆ కన్ను పోతే మీదేమైనా పెడతారా?"

ఆయన కాఫీ ఊదుకుంటూ, "ఈ గుంటకి నోరు ఇంకా తగ్గలేదేటి" అన్నాడు. నాకు నలభై తొమ్మిదేళ్ళు. తర్వాత ఆయనే గుమ్మం దగ్గరికి వెళ్ళి లోపలికి కేకేశాడు, "అమ్మా, నీ మరియాద నాకు తెలవదా? పెట్టుకో తల్లీ, నాను మళ్ళీ వచ్చినా పెట్టుకునే ఉండు." ఆ మాట మొదట నేను అనుంటే బాగుండేదని అప్పుడు అనిపించింది. ఆయన అన్నాక గానీ అప్ప నిజంగా పెట్టుకోలేదు.

మూడు వారాలకి మొదటి కాంతి. డాక్టరు పరీక్ష చేసి, ఎడమ కంటికి దూరం చూపు కొంచెం తక్కువుంది, దాన్ని సరిచేద్దాం అంది. కుడి కన్ను దగ్గరికి పనికొస్తోంది కాబట్టి ఈ కన్ను దూరానికి పెట్టుకుంటే మంచిదని ఆవిడ లెక్క. ఇక్కడే నేను నోరు పెట్టాను.

"దూరం దేనికండీ ఈవిడకి? పొద్దస్తమానం సూదీ దారమే కదా. రెండు కళ్ళూ దగ్గరికే పెడితే హాయిగా కుట్టుకుంటుంది. బండి నడపాలా, బస్సు నడపాలా?"

"మీకెలా కావాలమ్మా?" అని డాక్టరు అప్పని అడిగింది.

అప్ప నా వైపు చూసింది. "మా సెల్లి సదువుకున్నాది. ఎలా సెప్తే అలాగే."

డాక్టరు ఇంకో రెండుసార్లు అడిగింది. అదే జవాబు. చివరికి ఎడమ కన్నునీ దగ్గర చూపుకే మార్చింది. గడ్డం యంత్రానికి ఆనించి, కదలకుండా, రెండు నిమిషాల కాంతి. అంతే. తిరుగు బస్సులో సబ్బవరం దాటాక, "ఎలాగుంది?" అని అడిగితే, "బాగుందే" అంది. నేను గెలిచిన ముఖంతో కిటికీ పక్కన నిద్రపోయాను.

నాలుగు రోజులకి మినప్పప్పు కోసం రోడ్డుకి అవతలున్న కిరాణా కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టు నడిపే ఆవిడదీ, అప్పదీ పుట్టిల్లు ఒకటే, బుచ్చయ్యపేట దగ్గర పల్లె. ఇద్దరూ కలిసి గొబ్బెమ్మలు పెట్టుకున్నవాళ్ళు, ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. రెండేళ్ల కిందట ఆవిడ భర్త పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి అప్ప ఆ కొట్టుకి వెళ్ళడం మానేసింది. ఏది కావాలన్నా నన్నే పంపిస్తుంది. పనెక్కువై అనుకున్నాను. నేను అనుకోవడంలో ఎప్పుడూ వెనకబడను.

"మీ అప్పకి కన్ను బాగయిందా?" అంది ఆవిడ పప్పు తూస్తూ.

"అయింది."

"ఇంకేటి, ముండమోపి మొకాలు ఇంకా బాగా అగుపిస్తాయి. ముందే సూసి పక్కకి తిరిగిపోవచ్చు."

నేను ఊరుకునే రకాన్ని కాదు. "ఏటా మాట? మా అప్ప ఎవరిని చూసి తిరిగిపోయింది?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ పొట్లం కట్టడం ఆపకుండానే చెప్పింది. భర్త దినకార్యాలు అయ్యాక మొదటిసారి కొట్టు తలుపులు తీసిన పొద్దు. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఎదురు బాగోలేదని తలలు తిప్పుకుని పోతున్నారు. అప్పుడు అవతల పక్కన అప్ప కనబడింది. ఈవిడ చెయ్యెత్తింది. అప్ప సరిగ్గా ఇటే చూసి, ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఊరోళ్ళు తిప్పుకుంటే తిప్పుకున్నారు. అది కూడానా? కలిసి పెరిగినదాన్ని" అంది. పొట్లం నా ముందు పెట్టి వేరే బేరం వైపు తిరిగింది.

పొట్లం తీసుకుని, చిల్లర కూడా అడక్కుండా వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అప్ప గుమ్మంలో కూర్చుని ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. అడిగాను. సూది ఆగలేదు.

"తెలుసే. అదలా అనుకున్నాదని మూడు నెల్ల తర్వాత ఎవరో సెప్పేరు."

"మరి వెళ్ళి చెప్పలేదేం, నాకు కనబడలేదే అని?"

"ఏటని సెప్తాను? సూదిలో దారం ఎక్కిస్తావు, నా మొకం అగుపడలేదా అంటాది. నానైనా అలాగే అంటాను." పళ్ళతో దారం తెంచి అంది, "ఆపరేషనైన కొత్తలో, డాబా మీద బట్టలారేస్తంటే, కొట్టు కాడ అది కూకున్నాది తెలిసింది. మొకం సరిగ్గా తెలవలేదు గాని, అదే అని పోల్చుకున్నాను. ఎన్నాళ్ళకో. ఇంకొంచెం బాగైతే మొకం కూడా తెలుస్తాది, అప్పుడెళ్దాం అనుకున్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదే. లైటేసేక పోయింది."

పప్పు పొట్లం గడప మీద పెట్టాను. ఆవిడకి దొరికిన ఆ కాస్త దూరాన్నీ నేనే లాగేశాను, అదీ వాదించి మరీ. పైగా బస్సులో నిద్రపోయాను.

"నువ్వు ఆ డాక్టరుకి చెప్పు, దూరం కావాలని. ఇంకా తాళం వెయ్యలేదు" అన్నాను.

"ఆ డాక్టరమ్మ అంత కష్టపడి మార్చింది. మళ్ళీ వెనక్కి మార్చమంటే ఏటనుకుంటాది?"

"అనుకోనీ! ఆవిడ పనే అది!"

"నువ్వలాగే అంటావు" అంది, ఇంకో హుక్కు తీసుకుంటూ.

నేనే ఫోను చేశాను. డాక్టరు అంతా విని, "ఆవిడనే చెప్పమనండి" అంది. ఆవిడ చెప్పదండీ అన్నాను. "మీ మాట విని ఒకసారి మార్చాను. ఈ లెన్సులో మారే పదార్థం కొంతే ఉంటుంది. మిగిలింది ఇంకొక్క మార్పుకి సరిపోతుంది. అది కూడా మీ మాట మీద ఖర్చు పెట్టలేను. కన్ను ఆవిడది" అంది. నాతో అలా మాట్లాడి నెగ్గినవాళ్ళు తక్కువ. నాకు కోపం రాలేదు, భయం వేసింది. వచ్చే వారం తాళం వేసే రోజు. ఆ రోజు అప్ప అలవాటు ప్రకారం బాగుందంటే, ఇక ఎప్పటికీ అంతే.

రెండు రోజులు పోరాను. మూడో రోజుకి అప్ప, "నీకు దణ్ణవెడతానే, ఆపు" అంది. ఆపాను.

తాళం వేసే రోజు డాక్టరు నన్ను వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, "మీరు మాట్లాడితే బయటికి పంపేస్తాను" అంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నిజంగానే కుక్కుకున్నాను, పంటి గుర్తులు పడ్డాయి. అప్ప గోడ మీది అక్షరాలు పైన రెండు వరసలు చదివి ఆగిపోయింది. చేతికిచ్చిన కాగితం మాత్రం గడగడా చదివేసింది.

"ఎలా ఉందమ్మా ఈ చూపు?"

"బాగుందమ్మా."

"ఇబ్బందేమైనా?"

"ఏటీ నేదు."

"అయితే ఈరోజు తాళం వేసేస్తాను. వెయ్యనా?"

అప్ప చేతిలో కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "ఎయ్యండి" అంది.

కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అరగంట. అప్ప ఒళ్ళో చేతులు పెట్టుకుని, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఆ అరగంటా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా నోరే కదా ఆవిడ్ని ఇక్కడిదాకా తెచ్చింది. ఈ ఇంట్లో ఎవరు ఏం అడిగినా నేను ముందు జవాబు చెప్పేస్తుంటే, ఆవిడకి చెప్పే అవసరం ఎప్పుడొచ్చింది? మా అత్తగారితో ఆవిడ తరఫున దెబ్బలాడాను, బావగారితో దెబ్బలాడాను. ఆవిడకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. కొంత చేశాను కూడా, అదేం అబద్ధం కాదు.

లోపలికి పిలిచారు. యంత్రం ముందు కూర్చుంది. గడ్డం ఆనించింది. డాక్టరు ఏదో మీట తిప్పి, "కదలకండి" అంది.

అప్ప తల వెనక్కి తీసింది.

"ఒక్క మాటమ్మా. కోప్పడకు."

"చెప్పండి."

"ఇప్పుడున్నది కుట్టుకోడానికి బాగుంది. కుట్టుకోడానికి నాకు ఆ కుడి కన్ను సాలు. అది కూడా లేకపోతే ఇంకా మంచిది, హుక్కులు తప్పుతాయి." నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. "నాకు రోడ్డుకి అవతల మనిషి తెలవాలి. మనిషంటే మనిషి కాదు, మొకం తెలవాలి. నవ్వుతందా, కోపంగున్నాదా, అది తెలవాలి."

డాక్టరు మీట మీంచి చెయ్యి తీసేసింది. "ఎంత దూరం?"

"మా రోడ్డంత."

"మీ రోడ్డు ఎంత వెడల్పు ఉంటుందమ్మా?"

అప్ప నా వైపు తిరగలేదు. నేనూ చెప్పలేదు. తనే అంది, "గోవాడ ఫేట్రీకి సెరుకు ట్రాక్టర్లు ఎల్తాయి కదా, అవి రెండు ఎదురూబొదురూ వచ్చినా తప్పుకునేటంత. ఇటు మా గేటు, అటు కొట్టు అరుగు. అంత."

డాక్టరు ఆ మాట ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుంది. నేను వెనక నుంచి చూశాను, ట్రాక్టర్లతో సహా రాసింది. "ఈరోజు తాళం వెయ్యను. దూరానికి మారుస్తాను. ఇదే ఆఖరి మార్పు. నాలుగు రోజులు చూసుకుని రండి. ఇప్పుడు చెప్పినట్టే అప్పుడూ చెప్పండి" అంది.

"నీకు పని పెంచేనమ్మా."

"పెంచారు" అంది డాక్టరు, "ఇంకోసారి గడ్డం ఆనించండి."

నాలుగు రోజుల తర్వాత వెళ్తే తాళం కూడా పడింది. ఆ నాలుగు రోజులూ అప్ప డాబా మీదికి ఎన్నిసార్లు ఎక్కిందో నేను లెక్కపెట్టలేదు. ఎలా ఉందని అడగనూ లేదు. అడక్కుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు, నా పళ్ళకి తెలుసు.

నల్లద్దాలు తీసేయొచ్చన్న మర్నాడు పొద్దున్నే గోడ తలుపు తోసుకుని వచ్చి, "రాయే, పప్పు కావాలి" అంది. ఇద్దరం గేటు దాకా వచ్చాం. అవతల ఆవిడ కొట్టు ముందు నీళ్ళు చల్లి, బల్ల దగ్గర నిలబడి ఉంది. అప్ప గేటు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి పైకెత్తింది. మా అప్ప నడిరోడ్డు మీద చెయ్యెత్తి ఎవరినైనా పిలవడం నేనప్పుడే చూశాను.

ఆవిడ చూసింది. చూసి, మొహం అటు తిప్పుకుని, డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది.

నా నోటి దాకా ఏదో వచ్చింది. అప్పే ముందంది.

"సూసింది. సూసే తిప్పుకున్నాది." గొంతులో బాధ లేదు. పరీక్ష గదిలో అక్షరాలు చదివినట్టే అంది. "సిక్కిపోయిందే అది. సెంపలు ఎలా దిగిపోయాయో సూడు."

చెరుకు ట్రాక్టరు ఒకటి అడ్డంగా వెళ్ళింది. అది దాటగానే అప్ప రోడ్డు దిగింది. అటూ ఇటూ చూసుకుని, కొంగు బిగించుకుని, నా చెయ్యి పట్టుకోకుండా దాటింది. నేను గేటు దగ్గరే ఉండిపోయాను. వెళ్ళి రెండు మాటల్లో అంతా తేల్చేయగలను, అప్ప కుడి కన్ను, ఎడమ కన్ను, క్యాంపు, డాక్టరు, అన్నీ చెప్పి. వెళ్ళలేదు.

అప్ప బల్ల ముందు నిలబడి ఏదో అంటోంది. ఆవిడ తిరగలేదు, డబ్బాలు సర్దుతూనే ఉంది. అప్ప మళ్ళీ ఏదో అంది. ఇంకో ట్రాక్టరు వచ్చి, నాకూ వాళ్ళకీ మధ్యలోంచి పోవడానికి చాలాసేపు పట్టింది. అది పోయేసరికి ఆవిడ మొహం ఇంకా అటే ఉంది, కానీ ఒక చేత్తో స్టూలు మీదున్న ఉల్లిపాయల బుట్ట తీసి కింద పెట్టింది. అప్ప ఆ స్టూలు మీద కూర్చుంది.